హాస్టలు మూస్తే సరిపోదు, ఊరు సిద్ధం కావాలి

ఎదుగుదల వైకల్యాలు ఉన్నవారిని ఊరికి దూరంగా కట్టిన పెద్ద భవనాల్లో చేర్చి, జీవితాంతం అక్కడే ఉంచి పోషించే పద్ధతిని అమెరికా, కెనడా, స్వీడన్, నార్వే వంటి దేశాలు గత యాభై ఏళ్లలో చాలావరకు వదిలించుకున్నాయి. ఆ భవనాలకు తాళాలు వేసి, అందులో ఉన్నవారిని మామూలు వీధుల్లోని మామూలు ఇళ్లకు చేర్చాయి. అంతటి భారీ సంస్థలు తెలుగు నేల మీద ఎన్నడూ లేవు కాబట్టి, కామారెడ్డి జిల్లాలో నిజాంసాగర్ జలాశయానికి చేరువలో ఉన్న మహమ్మద్‌నగర్ వంటి చిన్న మండల కేంద్రానికి ఆ చరిత్రతో పనేమిటన్న సందేహం కలగడం సహజమే. పని చాలా ఉంది. అక్కడ మూతపడిన పద్ధతే ఇక్కడి నగరాల్లో రెసిడెన్షియల్ స్పెషల్ స్కూళ్లు, హోమ్‌ల రూపంలో కనిపిస్తోంది. బిడ్డను ఇంట్లో చూసుకోలేక, బయట ఎవరి ఆసరా లేక సతమతమయ్యే పల్లె కుటుంబానికి అదొక్కటే దారిగా తోస్తోంది. ఆ దారిలో చాలా దూరం వెళ్లి వెనక్కి వచ్చినవారి అనుభవం, ఇప్పుడిప్పుడే అటు అడుగు వేస్తున్నవారికి ఉపయోగపడకపోదు.

ఎదుగుదల వైకల్యాలు అంటే పుట్టుకతోనో బాల్యంలోనో మొదలై, మాట, నడక, ఆలోచన, తన పనులు తాను చేసుకోవడం వంటి వాటిపై జీవితాంతం ప్రభావం చూపే పరిస్థితులు. బుద్ధి వికాసం మందగించే మేధో వైకల్యం, నలుగురితో కలవడానికీ మాట్లాడడానికీ ఇబ్బంది కలిగించే ఆటిజం, ఎదిగే మెదడుకు జరిగిన హాని వల్ల కండరాలు అదుపులో ఉండని సెరిబ్రల్ పాల్సీ, ఒక క్రోమోజోమ్ అదనంగా ఉండడం వల్ల వచ్చే డౌన్ సిండ్రోమ్ ఈ కోవలోకి వస్తాయి. ఇవి మందులతో నయమయ్యే జబ్బులు కావు, శిక్షణతోనూ తోడ్పాటుతోనూ మెరుగుపడే స్థితులు. స్కిజోఫ్రీనియా వంటి మానసిక వ్యాధులు వీటికి పూర్తిగా వేరు. 1912 నాటి లూనసీ చట్టం రెండింటినీ ఒకే గాటన కట్టగా, 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టమూ, దాని స్థానంలో వచ్చిన 2017 చట్టమూ మేధో వైకల్యాన్ని మానసిక వ్యాధి నిర్వచనం నుంచి తప్పించాయి. 2011 జనగణన ప్రకారం దేశంలో మేధో వైకల్యం ఉన్నవారు 15 లక్షలకు పైగా, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్షా 30 వేలకు పైగా ఉన్నారు. వీరిలో అత్యధికులు కన్నవారి ఇళ్లలోనే, కన్నవారి రెక్కల కష్టం మీదనే బతుకుతున్నారు.

పాశ్చాత్య దేశాల్లో ఈ సంస్థలు దురుద్దేశంతో మొదలు కాలేదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1848లో శామ్యూల్ గ్రిడ్లీ హోవ్ ప్రభుత్వ సాయంతో ప్రారంభించిన ప్రయోగం ఒక పాఠశాలే. పిల్లలను కొంతకాలం ఉంచుకొని, తినడం, బట్టలు కట్టుకోవడం, మాట్లాడడం, ఏదో ఒక చేతిపని నేర్పి తిరిగి ఇంటికి పంపాలన్నది దాని ఆశయం. రానురాను చేర్చుకునేవారు పెరిగి, వెనక్కి పంపేవారు తగ్గి, పాఠశాలలు ఆశ్రమాలుగానూ, ఆశ్రమాలు బందెలదొడ్లుగానూ మారాయి. ఈ ప్రమాదాన్ని హోవ్ ముందే పసిగట్టాడు. ఒకే రకమైన వైకల్యం ఉన్నవారిని ఒకచోట పోగుచేయడం మంచిది కాదని, వీలైనంతవరకు వారు మామూలు జనం మధ్యనే ఉండాలని 1866లోనే బహిరంగంగా హెచ్చరించాడు. వినిపించుకున్నవారు లేరు. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో యూజెనిక్స్ అనే సిద్ధాంతం, అంటే ‘మేలైన’వారు మాత్రమే సంతానం కనాలన్న వాదం, ప్రబలి, వైకల్యం ఉన్నవారిని సమాజం నుంచి వేరుచేయడమే సమాజానికి రక్ష అన్న అభిప్రాయానికి శాస్త్రం ముసుగు వేసింది. ఆ తరువాత సంస్థల పని నేర్పడం కాదు, దాచడం.

సంస్థను సంస్థగా చేసేది భవనం పరిమాణం కాదన్న సంగతిని 1961లో సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ తన ‘అసైలమ్స్’ గ్రంథంలో విశ్లేషించాడు. మామూలు మనిషి ఒకచోట నిద్రిస్తాడు, మరొకచోట పని చేస్తాడు, ఇంకొకచోట కాలక్షేపం చేస్తాడు. ఈ మూడూ ఒకే కప్పు కింద, ఒకే అధికారం కింద, మందితో కలిసి, గంట కొట్టినప్పుడల్లా జరిగే చోటును ఆయన ‘సంపూర్ణ సంస్థ’ అన్నాడు. ఎప్పుడు తినాలో, ఎవరి పక్కన పడుకోవాలో, తలుపు ఎప్పుడు వేసుకోవాలో తేల్చుకునే అవకాశం లేనిచోట, ఎంత దయగల సిబ్బంది ఉన్నా, మనిషి క్రమంగా తన ఇష్టాయిష్టాలు చెప్పడం మానేస్తాడు. అలా మానేసిన మౌనాన్నే అతని వైకల్యంగా భావించడం సంస్థలన్నింటిలోనూ జరిగిన పొరపాటు.

న్యూయార్క్ నగరంలోని విల్లోబ్రూక్ సంస్థ కథ ఈ విషయంలో అందరికీ తెలియవలసినది. సుమారు నాలుగు వేలమందికని కట్టిన ఆ సంస్థలో 1960వ దశకానికి ఆరువేల మందికి పైగా పిల్లలూ పెద్దలూ ఉండేవారు. వార్డుల్లో అనేకులు ఒంటిమీద బట్ట లేకుండా, మలమూత్రాల మధ్య నేలమీద పడి ఉండేవారు. అంతమందికి అన్నం పెట్టడానికి ఉన్న సిబ్బంది చాలక, ఒక్కొక్కరి నోట్లో ముద్దలు హడావిడిగా కుక్కేవారు. 1950, 60 దశకాల్లో అక్కడి పిల్లలకు ఉద్దేశపూర్వకంగా హెపటైటిస్ సోకించి వైద్య పరిశోధనలు సైతం చేశారు. 1972లో హెరాల్డో రివెరా అనే టీవీ విలేకరి కెమెరాతో లోపలికి వెళ్లి ఆ వార్డులను చూపించిన తరువాత దేశం ఉలిక్కిపడింది, తల్లిదండ్రులు కోర్టుకెక్కారు, 1975లో కోర్టు పర్యవేక్షణలో ఒప్పందం కుదిరింది, 1987లో సంస్థ శాశ్వతంగా మూతపడింది.

అదే ఏడాది పెన్సిల్వేనియాలో 1908 నుంచి నడుస్తున్న పెన్‌హర్స్ట్ సంస్థ కూడా మూతపడింది. అక్కడి నుంచి బయటికి వచ్చిన వెయ్యిమందికి పైగా వ్యక్తుల జీవితాలను పరిశోధకులు ఏళ్ల తరబడి వెంబడించి నమోదు చేయడం వల్ల ఆ మూసివేతకు ప్రత్యేకమైన విలువ వచ్చింది. చిన్న ఇళ్లకు మారినవారిలో తమ పనులు తాము చేసుకునే నేర్పు పెరిగిందని, ‘వీళ్లు ఎన్నటికీ నేర్చుకోలేరు’ అని రాసిపెట్టినవారు సైతం నేర్చుకున్నారని ఆ అధ్యయనం తేల్చింది. అంతకన్నా ముఖ్యమైన మరొక సంగతి అందులో ఉంది. మూసివేతను మొదట గట్టిగా వ్యతిరేకించినవారిలో కన్నవారే ఎక్కువ. తమ బిడ్డకు బయట ఏ ఆపద వస్తుందోనన్న భయం వారిది. బిడ్డ కొత్త ఇంట్లో కుదురుకోవడం కళ్లారా చూసిన తరువాత వారిలో చాలామంది మనసు మార్చుకున్నారు. తల్లిదండ్రుల భయాన్ని మూర్ఖత్వంగా కొట్టిపారేయకుండా, దానికి కళ్లెదుట సమాధానం చూపించడమే దారి అని ఈ అనుభవం చెబుతోంది.

నార్వే 1991లో ఈ బాధ్యతను పెద్ద ప్రాంతీయ పాలనా విభాగాల నుంచి తప్పించి స్థానిక పురపాలక సంఘాలకు అప్పగించింది; స్వీడన్ 1999 చివరికల్లా సంస్థలన్నీ మూతపడాలని చట్టం చేసింది. స్వీడన్ ఆ గడువు పెట్టడానికి ముందే, 1994 నుంచి, తీవ్ర వైకల్యం ఉన్న వ్యక్తికి సహాయకుణ్ని పొందే చట్టబద్ధమైన హక్కు కల్పించింది. అసలు కీలకం ఇక్కడే ఉంది. భవనానికి ఖర్చయ్యే సొమ్ము మనిషి వెంట అతని ఇంటికి నడవాలి. ఆ సొమ్ము నడవకుండా మనిషిని మాత్రమే నడిపిస్తే ఏమవుతుందో దక్షిణాఫ్రికాలో జరిగింది. 2016లో గౌటెంగ్ రాష్ట్ర ప్రభుత్వం పొదుపు పేరుతో లైఫ్ ఎసిడిమెనీ అనే సంస్థతో ఒప్పందం రద్దు చేసి, మానసిక వ్యాధులూ మేధో వైకల్యమూ ఉన్న పదిహేను వందల మందికి పైగా వ్యక్తులను సరైన అనుమతులు, సిబ్బంది, తిండి కూడా లేని స్వచ్ఛంద సంస్థలకు హడావిడిగా తరలించింది. 144 మంది మరణించారు. సంస్థ నుంచి సమాజంలోకి అన్న మంచి మాటనే ఆ ప్రభుత్వం తన సాకుగా వాడుకుంది. మూసివేతను సమర్థించేవారెవరైనా ఈ సంఖ్యను మరచిపోకూడదు.

భారతదేశం విషయానికి వస్తే, ఇక్కడ కుటుంబమే మొదటి ఆశ్రయం, చాలాచోట్ల చివరి ఆశ్రయం కూడా. సంస్థల్లో చూస్తే, మేధో వైకల్యం ఉన్నవారి కోసం హైదరాబాద్‌లో 1968లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ మొదలైంది. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గరి మనోవికాస్‌నగర్‌లో 1984లో కేంద్ర ప్రభుత్వం మేధో వైకల్యం కోసం జాతీయ సంస్థను నెలకొల్పింది. నిమ్‌హెచ్ అన్న పాత పేరుతో తెలుగువారికి పరిచయమైన ఈ సంస్థ ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అయింది. దేశానికంతటికీ తలమానికమైన ఈ సంస్థ వేలమందిని జీవితాంతం ఉంచుకునే ఆశ్రమంగా కాక, నిపుణులనూ తల్లిదండ్రులనూ తయారుచేసే కేంద్రంగా రూపుదిద్దుకుంది. దూర ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలు బిడ్డతో సహా కొద్దిరోజులు బస చేయడానికి అక్కడ కుటుంబ కాటేజీలు ఏర్పాటు చేశారు. బిడ్డకు అన్నం కలిపి తినడం ఎలా నేర్పాలో, గుండీ పెట్టుకోవడం అనే ఒక్క పనిని ఎన్ని చిన్న మెట్లుగా విడగొట్టి అలవాటు చేయాలో, మొండికేసినప్పుడు కొట్టకుండా ఎలా దారికి తేవాలో తల్లి అక్కడ చూసి, చేసి, నేర్చుకొని ఊరికి వెళ్తుంది. బిడ్డను సంస్థకు ఇచ్చి రావడానికి బదులు సంస్థ దగ్గరి విద్యను ఇంటికి తీసుకుపోయే పద్ధతి ఇది. ప్రపంచంలోని పెద్ద సంస్థలు ఒక్కొక్కటిగా మూతపడుతున్న కాలంలోనే తెలుగు గడ్డ మీద ఇటువంటి ఆలోచన నాటుకోవడం గర్వించదగినది. అది జిల్లాలకూ మండలాలకూ తగినంతగా పాకకపోవడం మాత్రం విచారకరం.

దేశంలో ఉన్న సంస్థల స్థితి ఏమంత భరోసా ఇచ్చేది కాదు. చండీగఢ్‌లోని ఒక ప్రభుత్వ ఆశ్రయ గృహంలో ఉంటున్న, స్వల్ప మేధో వైకల్యం గల ఒక అనాథ యువతి 2009లో అక్కడే అత్యాచారానికి గురై గర్భవతి అయింది. ఆమె వద్దంటున్నా గర్భస్రావం చేయించాలన్న హైకోర్టు ఆదేశాన్ని సుప్రీంకోర్టు తోసిపుచ్చి, మేధో వైకల్యం ఉన్నంత మాత్రాన ఆమె ఇష్టానికి విలువ లేకుండా పోదని స్పష్టం చేసింది. ఢిల్లీ ప్రభుత్వం నడిపే ఆశాకిరణ్ అనే గృహంలో కిక్కిరిసిన గదుల గురించి ఏళ్లుగా ఫిర్యాదులు ఉండగా, 2024 జూలైలో ఒక్క నెలలోనే పదిమందికి పైగా మరణించారు. ఆ గృహానికి సంబంధించి దీర్ఘకాలంగా నడిచిన కేసులో 2025 సెప్టెంబరులో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు, దేశమంతటా ఇటువంటి సంస్థలను పరిశీలించే బాధ్యతను జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు అప్పగించింది. కన్నవారు కళ్ల ముందు లేని చోట, బయటి కన్ను పడని చోట, తన బాధ మాటల్లో చెప్పుకోలేని మనిషికి రక్షణ ఉండదని ఈ ఉదంతాలన్నీ రుజువు చేస్తున్నాయి.

చట్టం మాత్రం ఎప్పుడో సంస్థల పక్షం వదిలింది. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. ఎక్కడ, ఎవరితో కలిసి బతకాలో ఎంచుకునే హక్కు అందరితో సమానంగా వికలాంగులకూ ఉందని దాని 19వ అధికరణం చెబుతుంది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. సమాజంలో బతికే హక్కును ఇందులోని 5వ సెక్షన్ గుర్తించింది. ఫలానా చోటే ఉండాలని ఎవరినీ నిర్బంధించకుండా చూడాలని, ఇంటివద్దనే అందే సేవలు, వ్యక్తిగత సహాయం అందుబాటులో ఉంచాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. వైకల్యం కారణంగా బిడ్డను కన్నవారి నుంచి వేరుచేయకూడదని, కోర్టు ఆదేశిస్తేనే, అదీ బిడ్డ మేలుకోసమైతేనే అందుకు వీలుంటుందని 9వ సెక్షన్ అంటుంది. కన్నవారు సాకలేని స్థితిలో ఉంటే దగ్గరి బంధువులు, వారు లేకుంటే ఊళ్లోనే ఒక కుటుంబ వాతావరణం, ఏదీ కుదరనప్పుడు మాత్రమే ఆశ్రయ గృహం అన్నది అది చూపిన వరుస. వాస్తవంలో ఆ వరుస తలకిందులై, ఆశ్రయ గృహం మొదటికి వస్తోంది.

ఎందుకు వస్తోందో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల కుటుంబ జీవితాన్ని గమనిస్తే అర్థమవుతుంది. ఇక్కడి మగవారిలో అనేకులు దుబాయి, మస్కట్, సౌదీలకు వలస వెళ్లగా, ఇంటి భారం మోసే ఆడవారిలో చాలామంది బీడీలు చేస్తారు. చాట ఒళ్లో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, జర్దా నింపి, దారం చుట్టే ఈ పనికి కూలి లెక్క వేలల్లో ఉంటుంది. చేయి ఆగితే కూలి ఆగుతుంది. ఇరవై ఏళ్ల కొడుకుకు స్నానం చేయించి, బట్టలు మార్చి, ముద్ద కలిపి పెట్టి, వీధిలోకి పోకుండా కాపలా కాయడం అదే తల్లి, అదే చాట పక్కన పెట్టి చేయాలి. నాట్లకో కోతలకో పోవలసిన రోజున కొడుకును గదిలో ఉంచి గొళ్లెం పెట్టక తప్పని ఇళ్లు ఉంటాయి. ఆ గొళ్లెం వెనుక క్రూరత్వం లేదు, మరొక మనిషి లేకపోవడం ఉంది. అయినా గదిలో ఉన్నవాడి వైపు నుంచి చూస్తే అది కూడా ఒక సంస్థే. కుటుంబం ఉంది కాబట్టి ఇక్కడ సమస్య లేదని చెప్పేవారు ఈ గదిని లెక్కలోకి తీసుకోవాలి.

బడి వయసు వరకు కొంత ఆసరా ఉంది. సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు, ఫిజియోథెరపీ అందుతాయి. కదలలేని పిల్లల ఇళ్లకు ఐఈఆర్‌పీలనే రిసోర్స్ టీచర్లు వెళ్లి నేర్పుతారు. ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరా క్రాంతి పథం కింద మహిళా సంఘాల మండల సమాఖ్యలు మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల కోసం నైబర్‌హుడ్ సెంటర్లు నడిపాయి. ఊరి ఆడవారు పొదుపు సంఘం నడిపినంత నేర్పుగా ఇటువంటి కేంద్రాన్నీ నడపగలరని ఆ అనుభవం చూపింది. అయితే చట్టం ఉచిత విద్యకు హామీ ఇచ్చేది 6 నుంచి 18 ఏళ్ల వరకే. పద్దెనిమిది నిండిన మర్నాటి నుంచి ఆ యువకుడికి పోవడానికి చోటు లేదు, చేయడానికి పని లేదు. మిగిలేది పింఛను. తెలంగాణలో వికలాంగుల ఆసరా పింఛను 2023 జూలై నుంచి నెలకు 4,016 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 6,000, పూర్తిగా మంచానికి పరిమితమైనవారికి 15,000. ఈ సొమ్ము విలువైనదే గాని, అది వైకల్యం ఉన్న వ్యక్తికి ఇచ్చేది. అతణ్ని చూసుకుంటూ కూలి పోగొట్టుకునే మనిషికి ఇచ్చేది కాదు. అధిక సహాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం కల్పించాలని 2016 చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. కేరళలో ఆశ్వాసకిరణం పథకం కింద సంరక్షకులకు నెలకు 600 రూపాయలు మంజూరు చేసే పద్ధతి ఉంది. మొత్తం చిన్నదైనా, ఇంట్లో చేసే చాకిరీ పని అని ఒక ప్రభుత్వం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

ఈ కుటుంబాల్లో ఎవరిని కదిపినా వినిపించే మాట ఒకటే: ‘మేం పోయినంక వీన్ని ఎవరు చూస్తరు?’ హాస్టలు వైపు నడిపించేది పేదరికం కన్నా ఈ ప్రశ్నే. అన్నకో తమ్ముడికో భారం కాకూడదని, బిడ్డ పేరున ఉన్న కొంచెం భూమి చేతులు మారిపోకూడదని తల్లిదండ్రులు తల్లడిల్లుతారు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం ఈ భయానికి సమాధానంగా పుట్టిందే. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పెద్దలకు సంరక్షకుణ్ని నియమించే అధికారాన్ని ఈ చట్టం కోర్టుల చుట్టూ తిప్పకుండా జిల్లా కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీకి ఇచ్చింది. సమర్థ్ పేరుతో తాత్కాలిక సంరక్షణ, అంటే తల్లికి జబ్బు చేసినప్పుడో ఇంట్లో పెళ్లి జరిగినప్పుడో బిడ్డను కొద్దిరోజులు చూసుకునే ఏర్పాటు, ఘరౌందా పేరుతో పెద్దవారికి చిన్న సామూహిక గృహాలు కూడా ఈ ట్రస్టు పథకాల్లో ఉన్నాయి. అయితే గృహం చిన్నదైనంత మాత్రాన అది ఇల్లు అయిపోదు. ఎనిమిదిమంది ఉన్నా, తలుపు లోపలి నుంచి తీయలేకపోతే, రేపటి కూర ఏమిటో అడిగేవారు లేకపోతే, అది చిన్న సంస్థ మాత్రమేనని వికలాంగుల హక్కుల ఒడంబడిక అమలును చూసే ఐక్యరాజ్యసమితి కమిటీ 2017లో చేసిన వ్యాఖ్యానం సారాంశం. ఆ గృహం నగరం శివారులో కాక, అందులో ఉండేవాణ్ని పేరుపెట్టి పిలిచే మనుషులున్న ఊళ్లోనే, కిరాణా కొట్టుకు నడిచి వెళ్లగలిగిన వీధిలోనే ఉంటే, బయటి కన్ను దానంతట అదే పడుతుంది.

కాబట్టి మహమ్మద్‌నగర్ వంటి మండలానికి ముందు కావలసింది పద్దెనిమిది దాటినవారు పగలంతా గడపగల కేంద్రం. తల్లి కూలికి పోయే వేళలకు అది తెరిచి ఉండాలి. రెండోది, అవసరమైనప్పుడు నాలుగు రోజులు బిడ్డను అప్పగించి నిశ్చింతగా ఉండగల చోటు. మూడోది, చూసుకునే మనిషికి భత్యం. ఈ మూడూ లేకుండా హోమ్‌లను మూయమనడం బాధ్యతారాహిత్యం. ఈ మూడూ ఏర్పాటు చేయకుండా హోమ్‌లను పెంచుకుంటూ పోవడం చట్టానికి విరుద్ధం. ఇప్పటికే బిడ్డను ఎక్కడైనా చేర్చిన తల్లిదండ్రులు ఆ సంస్థకు 2016 చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడిగి పత్రం చూడాలి, చెప్పకుండా వెళ్లి బిడ్డను కలవనిస్తారో లేదో గమనించాలి. కలవనివ్వని చోట బిడ్డను ఉంచకూడదు. ఇంట్లోనే ఉంచుకున్నవారు వైకల్య గుర్తింపు పత్రమైన యూడీఐడీ కార్డు తీసుకోవాలి, లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు భరించే నిరామయ బీమాలో బిడ్డను చేర్చాలి, పద్దెనిమిది నిండగానే సంరక్షకుడి నియామకానికి కామారెడ్డి కలెక్టరేట్‌లో దరఖాస్తు చేయాలి. తమ తరువాత బిడ్డను ఎవరు చూడాలో కన్నవారు తమ నోటితో చెప్పి, ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకొని సంతకం చేయించగలిగేది తాము బతికి ఉన్నప్పుడే.